మూడో ఇడమ్మ

టీకాల రోజు మా సబ్ సెంటర్ అరుగు మీద ముసలమ్మలు గవ్వలాడుతారు. లోపల మనవళ్లు సూదికి ఏడుస్తుంటే బయట వీళ్లు ఓడిపోయి ఏడుస్తుంటారు. రెండు ఏడుపులకీ పెద్ద తేడా ఉండదు. మొన్న ఎవరో గుప్పెట్లో గవ్వలు గలగలలాడించి సిమెంటు నేల మీద విసిరారు. సూది పట్టుకున్న నా చెయ్యి ఆ చప్పుడుకి ఆగిపోయింది. తల్లి ఒళ్లోని పిల్లవాడు దాన్ని నా దయ అనుకుని ఏడుపు ఆపాడు. పాపం, వాడికింకా లోకం తెలియదు.

ఆ చప్పుడు మాధవరావు సార్‌ది. దుమ్ముగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉండేది. సార్ అక్కడ సోషల్ చెప్పేవారు. ఆయనది సత్తుపల్లి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. మిగతా పంతుళ్లు సోమవారం మధ్యాహ్నం బస్సుకి దిగి శుక్రవారం మధ్యాహ్నం బస్సు ఎక్కేవాళ్లు. శనివారం కూడా బడి ఉంటుందని నమ్మిన మనిషి సార్ ఒక్కరే. నేను ఇప్పుడు నలుగురి ముందు నోరు విప్పగలుగుతున్నానంటే, ఎదురుప్రశ్న వేస్తే ఆకాశం ఊడి పడదని నాకు తెలుసంటే, అది ఆయన చలవే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పబుద్ధి కాదు.

మూడో తరగతిలో నన్ను అక్కడ చేర్చారు. అంతకుముందు మా ఊళ్లో బడి ఉండేది గానీ పంతులు ఉండేవాడు కాదు. మా నాన్న నన్ను సార్ బల్ల ముందు నిలబెట్టాడు. సార్ కలం తీసి పేరడిగారు. "ఇడమ్మ" అన్నాడు నాన్న. అది మా నానమ్మ పేరు. ఆమె పోయిన ఏడాదే నేను పుట్టాను. మా ఊళ్లలో పేరు కొత్తగా పెట్టరు, పోయినవాళ్లను అదే పేరుతో మళ్లీ పిలుచుకుంటారు. నా కాలి వేళ్లు అచ్చం నానమ్మ వేళ్లేనని తేల్చి మరీ పిలిచారట.

సార్ నెత్తి కొట్టుకున్నారు. "పొద్దుట్నుంచి ఇద్దరు ఇడమ్మలు చేరారయ్యా. నువ్వు మూడోదాన్ని తెచ్చావు. హాజరు ఎలా పిలవమంటావు? ఒకర్ని పిలిస్తే ముగ్గురు పలుకుతారు!" అని, తలెత్తకుండానే మొదటి ఇడమ్మకు స్వప్న అని, రెండో ఇడమ్మకు సునీత అని, నాకు సుజాత అని రాసేశారు. "మంచి పేర్లు. రేపు వీళ్లు పట్నం పోతే పనికొస్తాయి." నాన్న దణ్ణం పెట్టాడు. ఆ కలానికి సిరా పొయ్యడానికి పట్టినంత సేపు కూడా మా ముగ్గురికీ పేర్లు మార్చడానికి పట్టలేదు. అందులో కుట్ర ఏమీ లేదు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది, అంతే.

ఆరో తరగతిలో నాకు మలేరియా వచ్చింది. సార్ నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా తన కండువాతో తన నడుముకే కట్టుకుని దవాఖానాకు తొక్కారు. వర్షానికి దారంతా బురద. దిగి కొంత నెట్టారు, ఎక్కి కొంత తొక్కారు. అక్కడ కాంపౌండర్ పేరడిగితే ఆయన "సుజాత" అన్నారు. జ్వరంలో నేను "ఇడమ్మ" అన్నాను. కాంపౌండర్ కళ్లద్దాలు సవరించుకుని, "పేషెంట్లు ఇద్దరా? ఒక్కతే కనవడుతుంది గద" అన్నాడు. సార్ నవ్వి, "ఒక్కతే. నా బిడ్డ. మందియ్యండి" అన్నారు. ఆ మాట నాకు చాలా ఏళ్లు పనిచేసింది, క్వినైన్ కంటే ఎక్కువ.

ఇక గవ్వల సంగతి. తొమ్మిదో తరగతిలో రోమ్ పాఠం వచ్చింది. పుస్తకంలో ఒకటిన్నర పేజీ, ఒక విరిగిన స్తంభం బొమ్మ. సార్‌కి అది చాల్లేదు. శనివారాలు వరండాలో మాతో రోమ్ ఆడించారు. అయిదుగురికొక ఇల్లు, ఇంటికొక వంశం పేరు. గవ్వలు వేస్తే ఒక ఏడాది గడిచినట్టు. పడినదాన్ని బట్టి పంటో, యుద్ధమో, బిడ్డో. అన్నీ వెల్లకిలా పడితే బిడ్డ. మా ఇల్లు కొర్నేలియస్ వంశం, ఇంటి పెద్దను నేను. సుద్దముక్కతో మీసం గీశారు. నాకు బాగానే నప్పింది.

బిడ్డ పుడితే చీటీ మీద ఆడో మగో రాసి నేల మీద పెట్టాలి. ఇంటి పెద్ద వంగి ఎత్తుకుంటేనే ఆ బిడ్డ ఇంట్లోది. ఎత్తకపోతే ఎవరిదీ కాదు. ఆడపిల్లకు ఎనిమిదో రోజు, మగపిల్లవాడికి తొమ్మిదో రోజు పేరు. మగపిల్లలకైతే పిడికెడు పేర్లలోంచి ఒకటి ఏరుకోవచ్చు. ఆడపిల్లలకు ఆ మాత్రం కూడా లేదు. వంశం పేరే వాళ్ల పేరు. మాకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు పడ్డారు. ముగ్గురూ కొర్నేలియాలే. కావాలంటే పెద్దది, రెండోది, మూడోది అని తగిలించుకోవాలి. నేను మూడు చీటీలూ ఎత్తి మీసానికి దగ్గరగా పెట్టుకుని ముద్దాడాను. పిల్లలంతా పడీ పడీ నవ్వారు.

సార్ మాత్రం గొంతు బరువు చేసుకున్నారు. "చూశారా అమ్మా! అంత గొప్ప నగరం. ఆడపిల్లకు తనదంటూ ఒక పేరు ఇవ్వలేకపోయింది. పేరు లేని బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి." వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరో ముక్కు కూడా ఎగబీల్చారు. అలాంటి నిశ్శబ్దం చూస్తే నాకు నోరు ఊరుకోదు.

"గట్లైతే రోమోళ్లే నయం గద సార్" అన్నాను.

"ఏం నయం?"

"ముగ్గురు కొర్నేలియాలొస్తే ఒకటి, రెండు, మూడు అన్నరు. పేరైతే గుంజుకోలేదు. మేం ముగ్గురు ఇడమ్మలమొస్తే మీరు ముగ్గుర్ని మాయం చేసి వేరే ముగ్గుర్ని తెచ్చిండ్రు."

స్వప్న, సునీత నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. సార్ ముఖంలో నవ్వు మొదలై సగంలో ఆగింది. "నీ నోరు నీకంటే ముందు పుట్టిందే" అని, గవ్వలు గుడ్డ సంచిలో వేసుకుని లోపలికి పోయారు. తరవాతి శనివారం లెక్కలు చెప్పారు. ఆయనది సోషల్. రోమ్ పతనానికి పుస్తకంలో చాలా కారణాలు ఇచ్చారు, ఇది వాటిలో లేదు.

పది పాసయ్యాక నర్సు ట్రైనింగ్‌కి పేరు వచ్చింది. కులం సర్టిఫికెట్ కావాలి. మండలాఫీసులో గుమాస్తా కాగితాలు తిప్పి, "రేషన్ కార్డుల ఇడమ్మ ఉంది. మార్కుల కాగితంల సుజాత ఉంది. ఇంతకీ నువ్వెవరు?" అన్నాడు.

"ఇద్దరూ నేనే సార్. సీటు మాత్రం ఒక్కటే చాలు."

ఆయన నవ్వలేదు. బడిలో చేర్చినప్పుడు పేరు మార్చామని, ఇద్దరూ ఒకరేనని హెడ్‌మాస్టర్ రాసిస్తే చాలన్నాడు. వారం గడువు. అప్పటికి హెడ్‌మాస్టర్ మాధవరావు సారే. నాకు కొండంత ధైర్యం వచ్చింది. బస్సులో నాన్నతో, "సంతకమే గద, సార్ చాయ్ గూడ తాపిస్తడు" అన్నాను.

చాయ్ తాగించారు కూడా. మేం రాయించుకొచ్చిన కాగితం ఆయన బల్ల మీద పెట్టాం. ఆయన దూరం నుంచే చదివారు.

"ఇది నేను రాసివ్వలేనమ్మా. తండ్రి చెప్పిన పేరు కాకుండా నా ఇష్టమొచ్చింది రాశానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎంతమందికి రాశానో నాకే గుర్తులేదు. అందరూ వస్తే? రెండేళ్లలో రిటైరవుతున్నాను."

"మీరే గద సార్ రాసింది!"

ఆయన నా వైపు చూడకుండా మా నాన్న వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ రోజు నువ్వు చెప్పిన పేరే గదా నేను రాసింది?"

నాన్న నా ముఖం చూశాడు, సార్ ముఖం చూశాడు, ఖాళీ చాయ్ గ్లాసు చూశాడు. నన్ను సైకిల్ మీద దవాఖానాకు మోసిన మనిషికి కాదని చెప్పడం మా నాన్నకు రాదు.

"అవ్ సార్" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు పుట్టిన నోరు ఆ ఒక్కరోజు నాకంటే ముందే చచ్చింది. కాగితం బల్ల మీదే ఉంది, ఫ్యాన్ గాలికి ఒక అంచు లేచి పడుతూ. సార్ దాన్ని ఎత్తలేదు. చివరికి నేనే వంగి ఎత్తుకున్నాను.

ఆ ఏడాది సీటు పోయింది. ఎండాకాలం అమ్మతో బీడీల తునికాకు కోశాను. మరుసటి ఏటికి వేరే దారి దొరికింది: బడి కాగితం మారదు గనక ఇంటి కాగితం మార్చడం. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని నాన్న వేలిముద్ర వేశాడు. గుమాస్తా ఇడమ్మను కొట్టేసి సుజాత అని రాశాడు. "ఇగ ఏ తక్లీఫ్ లేదు" అన్నాడు, మేలు చేసినవాడిలా. తిరిగొచ్చేప్పుడు గోదావరి కనిపించాక నాన్న, "మా అమ్మను రెండోసారి సాగనంపినట్టైంది బిడ్డా" అన్నాడు. దానికి నవ్వొచ్చే జవాబు నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

సార్ పోయారని రెండేళ్ల కింద స్వప్న ఫోన్ చేసింది. నేను వెళ్లలేదు. డ్యూటీ ఉందన్నాను. ఆదివారం డ్యూటీ ఉండదని స్వప్నకూ తెలుసు. నన్ను బిడ్డ అన్నదీ ఆ నోరే, కాదన్నదీ ఆ నోరే. రెండిట్లో ఒకటే నిజమైతే నాకు పని తేలికయ్యేది.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయించేది నేనే. నా చొక్కా మీద బిళ్ల సుజాత అంటుంది. గవ్వల ముసలమ్మలు దాన్ని చదవలేరు గనక ఇడమ్మా అనే పిలుస్తారు. మొన్న ఆ సూది వేశాక ఒక తల్లి నెలల పిల్లను తెచ్చి, ఇడమ్మ అని రాయమంది. కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రది తల గోక్కుంది. "అక్కా, ఈ ఊళ్లె టీకాల పిల్లల్ల ఇప్పటికే ఇద్దరున్నరు. గడబిడ అయితది. ఇంకోటి పెట్టుమని చెప్పరాదు?"

"నువ్వు రాయి" అన్నాను. పిల్లను తల్లి చేతుల్లోంచి తీసుకుని ఎత్తుకున్నాను. బరువు చూడటానికే, ఇంకేమీ లేదు.

వచ్చే టీకాల రోజు నేను అరుగు మీదికొచ్చి ఇడమ్మా అని కేకేస్తే ముగ్గురు తల్లులు లేచి వస్తారు. హాజరుకు కష్టమే. పిలిచింది నేనే అయినా, నాలుగో తల నాదే తిరుగుతుంది.