చోడికి ఏది ఇల్లు, ఏది బయట

వానలో తడిసి ఆరని గోనెసంచి వాసన ఈ ఉదయం మళ్లీ ముక్కుకు తగిలింది. కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మంలో వేసిన సంచి అది. ఆ వాసన తగిలితే చాలు, నా బుర్ర దానంతట అదే పోయినవాటిని కూడడం మొదలుపెడుతుంది. పసుపుకొమ్ముల బస్తా ఒకటి, అడుగున జానెడు మేర పాడైంది. తాటాకు చాపలు రెండు. పిప్పళ్లు ఆరబోసిన చేట ఒకటి. నా భార్య పార్వతి పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పటి ఒకటి. తోలు చెప్పు ఒకటి. జతలో ఒకటి పోతే రెండోది పనికిరాదు కదా, మరి దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా అని అప్పట్లో చాలాసేపు ఆలోచించాను. "ఒంటికాలోడు ఎవడైనా కొంటే ఒకటి. కొనకపోతే రెండు" అని తేల్చేసింది మా పక్కింటి బుద్రప్ప. ఇంత నష్టానికీ కారణం మోచేతి పొడవు కూడా లేని ఒక కుక్కపిల్ల. అది బుద్రప్ప ఇచ్చిందే.

హుకుంపేటలో మాది చిన్న కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం కాటా ముందు నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. బుద్రప్ప మా పెరటి కంచె అవతల, గట్టు మీది ఇంట్లో ఒంటరిగా ఉండేది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను అలాగే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను అందరిలాగే సావుకారీ అనేది. మేకలు కాసేది. చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని కాల్చేది. అందుకని ఆమె మాటలు పొట్టిగా ఉండేవి, ఎక్కువగా ప్రశ్నలు. ఆమె కుక్క ఈనితే ఒక పిల్లను తెచ్చుకున్నాను. చోళ్ల రంగులో, అంటే రాగుల రంగులో ఉందని చోడి అని పేరు పెట్టాను. ఎలుకల కోసమని ఇంట్లో చెప్పాను. నిజానికి మా అమ్మాయి విశాఖపట్నం హాస్టలుకు వెళ్లాక కొట్టులో మధ్యాహ్నాలు మరీ మూగగా ఉండేవి. కుక్కను గుమ్మం దాటి రానివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి, దాన్ని ఎలా పెంచాలో నాకేమీ తెలియదు.

చోడికి తెలియంది ఒక్కటే. చేయవలసిన పని ఇంట్లో చేయకూడదని దానికి ఎంతకీ ఎక్కలేదు. అన్నం పెట్టగానే పెరటి వాకిట్లోకి తీసుకెళ్లేవాణ్ణి. అది అక్కడ చుట్టూ తిరిగి, ముద్దగా ముడుచుకుని నిద్రపోయేది. లేపి లోపలికి తెస్తే బస్తాల మధ్యకు పోయి అక్కడ కానిచ్చేది. పసుపు బస్తా తడిసిన రోజు పార్వతి చీపురు కింద పడేసింది. "ఏటండీ ఇది? తినే సరుకండీ! వచ్చే సంత దాకా సూస్తాను. అప్పటికి దీనికి బుద్ధి రాకపోతే ఆ అప్పకే తిరిగిచ్చెయ్యండి." అన్న మాట దాటే మనిషి కాదు. తప్పు కూడా ఆమెది కాదు. సంత రోజున కొండల మీది నుంచి వచ్చే జనం మా కొట్టులో సరుకు వాసన చూసి కొంటారు. అప్పటికే చోడి నా అడుగుల చప్పుడు వేరుగా గుర్తుపట్టేది. దాన్ని తిరిగి ఇవ్వడం నావల్ల కాదు.

ముక్కు పట్టి రాస్తే మళ్లీ చేయదని ఒక జీపు డ్రైవరు చెప్పాడు. అలా చేశాక చోడి మానలేదు, నాకు కనపడని చోటు వెతుక్కుంది. ఇక నాకు తెలిసిన పద్ధతిలోకి దిగాను. ఎప్పుడు తింది, ఎంతసేపటికి చేసింది, ఎన్ని సార్లు, ఏ మూల, అన్నీ బుర్రలో పెట్టుకుని బుద్రప్పకు ఒప్పజెప్పాను. ఆమె కంచె మీద చేతులు వేసి అంతా విన్నది.

"ఇంట్లో సెయ్యొద్దని కుక్కకి సెప్పుతున్నావా?" అని నవ్వింది. "మా కుక్కలకి ఎవులు సెప్పినారు? పెద్దయినాక అవి ఇంట్లోనే ఉండవు కదా!"

"మరి నన్నేం చేయమంటావప్పా?"

"నాకూ తెల్దు. సూద్దాం." చుట్ట తీసి ఉమ్మి, అడిగింది: "ఎక్కడ సేస్తాదో సెప్పినావు. ఎక్కడ తొంగుంటాది?"

అది నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టవలసిన విషయమనీ తోచలేదు. గుర్తు చేసుకుంటే, రాత్రి తలుపు మూసినప్పుడు తప్ప చోడి ఎప్పుడూ వాకిట్లోనే పడుకునేది. బుద్రప్ప కంచె దాటి వచ్చింది. వాకిట్లో ముడుచుకున్న కుక్కపిల్ల పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి వాసన చూసింది. నన్నూ చూడమంది. పేడ వాసన. పార్వతి రోజూ వాకిలి పేడతో అలుకుతుంది. కుక్కపిల్ల వచ్చాక మైల పోవాలని రెండు పూటలా అలుకుతోంది. లోపల మాత్రం సిమెంటు గచ్చు, దాని మీద ఫినాయిలు.

"ఇది పుట్టింది ఎక్కడ?" అంది బుద్రప్ప.

"మీ ఇంట్లో, పొయ్యి పక్కన."

"ఆ నేల ఏటితో అలుకుతాను నాను?"

"పేడతో" అన్నాను. ఇద్దరం ఒకేసారి చోడి వైపు చూశాం. అది కళ్లు తెరవకుండానే తోక ఒకసారి నేలకు కొట్టింది. బుద్రప్ప పగలబడి నవ్వింది. "ఓలమ్మా! దీనికి నీ వాకిలి ఇల్లు సావుకారీ. నీ ఇల్లు బయట. పిల్లగుంట బుద్ధిగానే ఉంది. రోజూ బయటకెళ్లే సేసొస్తంది!"

పార్వతికి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత తానే లోపల, తలుపు పక్క మూల, ఒక చాప పట్టేంత మేర పేడతో అలికింది. వాకిలి అలకడం కొన్నాళ్లు మానేసింది. నేను చోడిని వాకిట్లో ఆపకుండా కంచె దాటించి, చీపురుగడ్డి మొలిచిన వాలు దాకా తీసుకెళ్లేవాణ్ణి. మొదటిసారి అది ఆ గడ్డి వాసన చూసి, నా ముఖం చూసి, మళ్లీ వాసన చూసి, కూర్చుంది. నేను ఆ కొండవాలు మీద ఒంటరిగా చప్పట్లు కొట్టాను. గట్టు మీది నుంచి ఎవరో "బేగి రండర్రా, సావుకారికి పిచ్చెక్కింది!" అని కేకేశారు. ఆ గొంతు బుద్రప్పదే.

సంత రోజు కొట్టు కిటకిటలాడుతోంది. కాటా దగ్గర నేను కదల్లేని వేళ, చోడి అలికిన మూలలోంచి లేచింది. బస్తాల వైపు నాలుగడుగులు వేసి ఆగింది. నా చేతిలో తూకంరాయి ఉండిపోయింది. అది వెనక్కి తిరిగి, పెరటి తలుపు దగ్గరకు పోయి, సన్నగా మూలిగింది. పార్వతి బేరం మధ్యలో వదిలేసి వెళ్లి గడియ తీసింది. "పో, పో, బేగి పో" అంది దానితో. ఆ రాత్రి చోడి గిన్నెలో మా ఇద్దరి ముక్కలకంటే పెద్ద చేపముక్క ఉంది.

పొలం కొలత దగ్గర తగాదా వస్తే ఇక్కడివాళ్లు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. ఇదివరకు కొట్టులో కూర్చునే పొడుగూ వెడల్పూ అడిగి చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు వెళ్లి ఆ గట్టు మీద నిలబడతాను. ఏ వైపు నుంచి నడిచి వస్తారు, ఎక్కడ కూర్చుని గంజి తాగుతారు అని అడుగుతాను. అడుగుతున్నది నేనే అయినా ఆ అడగడంలో నాకు చుట్ట వాసన వస్తుంది.

చోడి పెద్దదయ్యాక ఒక పొద్దున్న, బుద్రప్పా నేనూ కంచె దగ్గర ఉండగా, అది చీపురుగడ్డిలో పని ముగించుకుంది. వెనకకాళ్లతో మట్టి గీరింది. వెంటనే రాలేదు. కొండ వైపు తిరిగి, చెవులు నిక్కించి, కాసేపు అలాగే నిలబడింది.

"రోజూ అంతేనా?" అంది బుద్రప్ప.

"రోజూ అంతే."

"పనైపోయింది కదా. ఇంకా ఏటి సూస్తంది?"

నక్క వాసనేమో అన్నాను. ఈ ఏడు ఈ పక్కకి నక్క రాలేదంది. మేకలేమో అన్నాను. మర్నాడు మేకల్ని అవతలి వాలుకు తోలింది. చోడి అలాగే నిలబడింది. బస్సు చప్పుడేమో అన్నాను. బస్సు వచ్చేది ఇటు నుంచి కదా అని వేలు చూపించింది. నా జవాబులన్నీ అలా ఒక్కొక్కటే పోయాయి. "లెక్కలోడివి, నువ్వే సెప్తావులే. నానెక్కడికి పోతాను" అంది.

తర్వాతి వానల్లో బుద్రప్ప జ్వరం వచ్చి చనిపోయింది.

ఈ పొద్దున్న మంచులో చోడి మళ్లీ అక్కడ నిలబడింది. మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నేనూ దాని పక్కన నిలబడి, అది చూస్తున్న వైపే చూశాను. చెట్లు, మంచు, కొండ. చాలాసేపటికి అదే వెనుదిరిగింది. బుద్రప్పకు నేను ఇవ్వవలసిన జవాబు ఇంకా ఒకటి ఉంది.