ఒక చిన్న అమెరికన్ రచయిత్రి కోసం డార్విన్‌కు

గురువారం తెల్లవారుజామున 5:50కి మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీ స్టేషన్‌లో రైలెక్కాను. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్ నగరంలో ఉన్న సరోజక్కకు ఒక మాట చెప్పి రావాలి. ఫోన్‌లో చెప్పే ధైర్యం చాలక ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టాను.

సరోజక్కది వరంగల్. ఇరవై ఏళ్లుగా డార్విన్ ఆసుపత్రిలో నర్సు. ఒక అమెరికన్ రచయిత్రి రాసిన పద్నాలుగు కథలను, సెలవు రోజుల్లో కూర్చుని ఏడేళ్లలో తెలుగు చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు, ఒక షరతు మీద. ఆ రచయిత్రి అమెరికన్ సాహిత్యంలో ప్రముఖురాలని ఆ సబ్జెక్టు తెలిసిన వాళ్లెవరైనా ముందుమాటలో రాసివ్వాలి. ఆస్ట్రేలియా రాకముందు నేను తెనాలిలో ఆరేళ్లు అమెరికన్ సాహిత్యం పాఠం చెప్పాను. అందుకని అక్క నన్నడిగింది.

నెల రోజులు వెతికాను. ఏ సాహిత్య చరిత్రలోనూ ఆమెకు అధ్యాయం లేదు, పేరా కూడా లేదు. ఒక లావుపాటి పుస్తకంలో మాత్రం అప్రధాన ప్రాంతీయ రచయిత్రి అని ఒక వాక్యం దొరికింది.

ఊరి నడిబొడ్డున సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకుంటే ఏడుంపావుకల్లా ఎయిర్‌పోర్టు. విమానం 9:15కి కదిలింది. నాలుగున్నర గంటల ప్రయాణం, అందులో సగం సేపు కింద ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడదు. పక్క సీట్లో ఒక పెద్దావిడ, డార్విన్‌లో ఒక బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారట. నా ఒళ్లో ఉన్న కాగితాల మీద లిపి చూసి సంగతి అడిగారు. చెప్పాను.

"మా దేశపు రచయితలను కూడా లండన్ వాళ్లు బాగా రాశారన్నాకే మేం బళ్లో చదివించేవాళ్లం," అన్నారావిడ ఇంగ్లిష్‌లో. "అంతకుముందే చదివాం, నచ్చింది కూడా. పైకి అనడానికి భయపడ్డాం."

డార్విన్‌లో గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. జూలై ఇక్కడ వానల్లేని కాలం కాబట్టి ఆకాశంలో మబ్బు తునక లేదు. వెళ్లదలచినవాళ్లు ఈ నెలల్లోనే వెళ్లండి, నవంబరు నుంచి వచ్చే వానాకాలంలో ఆ ఉక్క తట్టుకోవడం కష్టం. టాక్సీలో పది నిమిషాల్లో అక్క ఇంటికి చేరాను. నాకోసం ముందు గది సర్ది ఉంచింది.

రెండున్నరకి భోజనం. పెరట్లో పెంచిన గోంగూరతో పప్పు. ఇక్కడివాళ్లు ఆ మొక్కను రోజెల్లా అంటారు. కాయలతో జామ్ చేసుకుంటారు కానీ ఆకు జోలికి పోరు. చేయి కడుక్కుని, ఇక ఆలస్యం చేస్తే చెప్పలేనని చెప్పేశాను.

"అక్కా, ఆమె ప్రముఖ రచయిత్రి కాదు. ప్రముఖురాలని రాస్తే అబద్ధమవుతుంది. నావల్ల కాదు."

కంచాలు తీస్తున్న అక్క ఆగింది. "ప్రముఖురాలని ఎవలు డిసైడ్ చేస్తరు తమ్మీ?"

బహుమతులు, విమర్శకులు, యూనివర్సిటీలు అంటూ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. తెనాలిలో ఒకసారి ఒకమ్మాయి లేచి, "ఈయన ఎందుకు గొప్ప రచయిత సార్?" అనడిగింది. "సిలబస్‌లో ఉన్నాడమ్మా, రాసుకో," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మళ్లీ నా క్లాసులో నోరు విప్పలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అక్కకు చెప్పాను.

ఐదింటికి నైట్‌క్లిఫ్ సముద్రపు ఒడ్డుకు నడిచాం. ఈ నీళ్లలో మొసళ్లుంటాయి, ఎవరూ దిగరు. బెంచీ మీద కూర్చున్నాక అక్క మొదలుపెట్టింది.

"వార్డుల ఒక ముసలాయన ఉండె. అమెరికా ఆయన, షిప్పులల్ల పనిచేసి ఇక్కడ సెటిలైండు. ఈ రైటర్‌ది వాళ్లమ్మ ఊరే. కండ్లు కనపడక నన్ను చదవమనేటోడు. షిఫ్ట్ అయినంక రోజూ అరగంట చదివేదాన్ని. ఒక కథల, బిడ్డ చచ్చిపోయిన మర్నాడే ఒకామె హోటల్ల దుప్పట్లు ఉతకనీకి పోతది. అందరు రాతిగుండె అంటరు. చేతులు ఖాళీగుంటే అవి బిడ్డను ఎతుక్కుంటయట. అందుకే పోయిందట."

అక్క చెప్పుల్లో చేరిన ఇసుక దులుపుకుంది.

"మా ఆయన పోయిన ఐదో రోజు నేను డ్యూటీకి పోయిన. మనోళ్లు ఎన్ని మాటలన్నరో! ఎందుకు పోయిన్నో నాకే తెల్వలే. పదకొండేండ్లకు ఆ కథల దొరికింది."

లేచేటప్పుడు అక్కే ముందుమాట సంగతి ఎత్తింది. "అబద్ధం రాయకు. ఆమె రాయలే, నేను రాయలే. నువ్వెందుకు రాస్తవు?"

శుక్రవారం ఉదయం ఏడింటికి, టీ తాగుతూ, అక్కనే ఆ కథ చదివి వినిపించమన్నాను. నలభై నిమిషాలు చదివింది. వార్డులో రోగులకు మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పే గొంతుతో, ఎక్కడా సాగదీయకుండా చదివింది. అక్క డ్యూటీకి వెళ్లాక ముందుమాట రాయడానికి కూర్చున్నాను. ఈమెను అమెరికాలో ఎవరూ పెద్ద రచయిత్రి అనలేదని మొదటి వాక్యంలోనే రాశాను. ఆరేళ్లు నేను పెద్ద రచయితల గురించి వాళ్ల పేర్లు చూసి చెప్పానని, ఈమె గురించి మాత్రం కథ విని చెబుతున్నానని రాశాను. ఆ కథలో ఉతికే మనిషి చేతుల గురించి రాసేసరికి నాలుగు పేజీలయ్యాయి. ఎయిర్‌పోర్టులో కూర్చుని ప్రచురణకర్తకు పంపాను. ఒంటిగంటకు విమానం.

మెల్‌బోర్న్‌లో దిగి ఫోన్ తెరిస్తే జవాబు వచ్చి ఉంది. 'నిజాయితీగా రాశారు. కానీ ఇది చదివి పుస్తకం ఎవరు కొంటారు? మన్నించండి.'

చలిగాలిలో బస్సు కోసం నిలబడి అది మూడుసార్లు చదివాను. ఏడేళ్ల శ్రమ నా నాలుగు పేజీల వల్ల ఆగిపోయింది. వెర్రిబీ రైల్లో కూర్చున్నాక అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

అక్క అంతా వింది. తర్వాత, "నువ్వు రాసింది చదువు," అంది.

న్యూపోర్ట్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టాను. ఎదురు సీట్లో వాళ్లు చూస్తున్నా ఆపలేదు. హాపర్స్ క్రాసింగ్ దాటేసరికి నాలుగు పేజీలూ అయిపోయాయి.

"ఆమె మీద ఇంతకుముందు ఎవరన్న ఇంత రాసిండ్రా తమ్మీ?" అనడిగింది అక్క.

"నాకు తెలిసినంతలో ఎవరూ రాయలేదక్కా."

"అయితే మొదలైనట్టే గదా," అంది.