అరికాలి మచ్చకు విమానయోగం

లారీ మమ్మల్ని దించేసరికి మధ్యాహ్నం రెండు. లద్దాఖ్. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. అక్టోబరు. ఎండకు కళ్లు తెరవలేం, గాలికి చెవులు తెగిపోతాయి. చెట్టన్నది లేదు. గుంటూరు మిరప చేలల్లో కనుచూపు మేర ఎరుపు చూసి పెరిగినవాడిని. అక్కడ కనుచూపు మేర రాయి.

నా బడి చదువు ఇంటరుతో ఆగింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. కొండెక్కే ముందు సెలవుల్లో చివరగా చదివిన పుస్తకం చర్మం గురించి. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. విషయం మాత్రం నాతో పాటు కొండెక్కింది.

సుబేదార్ గారి మొదటి ఆర్డర్ కాళ్ల గురించి. సాయంత్రం ఐదింటికి బూట్లు, మేజోళ్లు విప్పాలి. జంటలో ఒకరి కాళ్లు ఇంకొకరు చూడాలి. చలికి వేళ్లు చచ్చుబడితే ఆ సంగతి మనకే తెలియదు.

నా జంట రేడియో ఆపరేటర్. కనిగిరి వాడు. తొలి సాయంత్రమే బంకరులో స్టవ్ పక్కన కూర్చుని నా ఒళ్లో కాలు పెట్టాడు.

"బాగా చూసుకోరా. అరికాల్లో పుట్టుమచ్చ! విమానయోగమంట. మా మేనత్త చెప్పింది."

విదేశాల్లో శాంతి దళం డ్యూటీకి వాడి పేరు లిస్టులో ఉంది. అందుకే ఆ మచ్చంటే వాడికంత ముద్దు.

టార్చి వేశాను. ఎడమ మడమ అడుగున నల్లటి మచ్చ. ఒక అంచు గుండ్రం, రెండో అంచు సిరా ఒలికినట్టు. నలుపు పక్కన గోధుమరంగు, ఒక మూల నీలం. పెన్సిల్ వెనకుండే రబ్బరు కంటే పెద్దదైతే అనుమానించాలని చదివాను, ఆనించి చూశాను. మచ్చే పెద్దది. పుస్తకంలో పేజీ కళ్ల ముందు తెరుచుకుంది!

"పుట్టినప్పటి నుంచీ ఉందా?"

"లేదురా. పోయినేడు వచ్చింది. అప్పుడు కందిగింజంత. యోగం పెరుగుతా ఉంది."

"పుట్టాక వచ్చినదాన్ని పుట్టుమచ్చ అంటారేందిరా?"

వాడి నవ్వు సగంలో ఆగింది.

ఊపిరి తీసుకోకుండా చెప్పాను. చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరిగితే క్యాన్సర్. పేరు మెలనోమా. ఎండకు కందిపోయే తెల్లవాళ్ల జబ్బని అనుకుంటాం. మనకూ వస్తుంది, అదీ ఎక్కువగా ఎండ తగలని అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద. కొత్త మచ్చలన్నీ క్యాన్సర్ కావు. మారుతున్న మచ్చను మాత్రం డాక్టరు చూడాలి. లోతుకు దిగకముందే కోసేస్తే మనిషి దక్కుతాడు. దిగితే ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకుతుంది.

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. అందుకే డాక్టర్ని అడగమంటున్నా."

"మెడికల్‌లో పేరెక్కితే లిస్టులోంచి కొట్టేస్తారు. నోరు మూసుకో."

"మంచుకు దారి మూసుకుపోతే ఏప్రిల్ దాకా దిగలేవు. అప్పటికి అది ఎంతవుద్దో!"

వాడు కాలు లాక్కున్నాడు. పొద్దున్నే తనే హ్యాండ్‌సెట్ తీశాడు.

"డాక్టర్ సాబ్‌కు సందేశం. మడమ మీద నల్లమచ్చ. పెరుగుతోంది. రంగులు మూడు. ఓవర్."

"పేషెంట్ ఎవరు? ఓవర్."

"మాట్లాడుతున్నవాడే సార్. ఓవర్."

"సరుకులు తెచ్చే హెలికాప్టర్‌లో వెనక్కి పంపండి. ఈ వారమే. అవుట్."

హ్యాండ్‌సెట్ కింద పెట్టి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, మేనత్త మాట నిజమైందిరా. విమానయోగమే!" నవ్వుతూనే ఉన్నాడు. కిట్ సర్దడం మొదలుపెట్టాడు.

మంచు పడి దారి మూసుకుపోయాక శాటిలైట్ ఫోన్‌లో వాడి గొంతు వినిపించింది.

"ముక్క కోసి చూశారు. నువ్వన్నదే. మెలనోమా." కాసేపు గరగర. "లోతుకు దిగలేదంటరా! మచ్చ చుట్టూ కోసి తొడ చర్మం అతికించారు. లిస్టులో పేరు పోయిందిలే."

ఎగిరి గంతేశాను. బంకరు పైకప్పు నెత్తికి కొట్టుకుంది. అయినా ఇంకోసారి గంతేశాను.

ఏప్రిల్ చివర ఇల్లు చేరాను. కళ్లంలో ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములే తుమ్ములు. ముందు లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం ఇంకోసారి చదివాను. తర్వాత కనిగిరి బస్సెక్కాను. వాడు కొంచెం కుంటుతూ ఎదురొచ్చాడు. చెకప్‌లు ఇంకా ఉన్నాయి. కూర్చోగానే నా ఒళ్లో కాలు పెట్టాడు.

"ఏరా, టైం ఐదైంది. డ్యూటీ మర్చిపోయావా?"

రెండు అరికాళ్లూ చూశాను. వేళ్ల సందులూ, గోళ్లూ చూశాను. కొత్తది ఏదీ లేదు.

ఆ కొండల్లో చూసినవి చాలా మరుగున పడ్డాయి. ఒక్కటి మాత్రం పోదు. వాడు వెళ్లిన రోజు, హెలికాప్టర్ రెక్కల గాలికి దుమ్ము లేస్తోంది. తలుపు దగ్గర వాడు కూర్చున్నాడు. రెండు చేతుల్లో కిట్ ఉంది, ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎడమ కాలెత్తి, బూటు అడుగు నాకు చూపించి, ఊపాడు.