జాకెట్ల మధ్య సుగుణ ఉత్తరాలు

ఆ రోజుల్లో కథ రాసే మనిషికీ చదివే మనిషికీ మధ్య ఒక్కటే దారి ఉందనుకునేదాన్ని. అది మా నర్సీపట్నం పోస్టాఫీసు గుండా పోయే దారి. కథ రాసి, మడిచి, కవర్లో పెట్టి, దాంతోపాటు మన చిరునామా మనమే రాసి స్టాంపులు మనమే అంటించిన తిరుగు కవరు కూడా జతచేసి వారపత్రిక వాళ్లకి పంపాలి. నేను పంపినవాటిలో వాళ్లకి నచ్చింది ఆ తిరుగు కవరొక్కటే. కథ వెళ్లడానికి ఎన్నాళ్లు పట్టేదో గాని, రావడం మాత్రం బేగి వచ్చేసేది. పోస్టుమాన్ వీధి మొగలోంచే "మాస్టారండీ, మీ అమ్మాయి కథ ఒచ్చేసిందండీ!" అని కేకేసేవాడు. మొదటిసారి మా అమ్మ అది అచ్చులో వచ్చిందనుకుని ఇరుగుపొరుగుల నోళ్లన్నిటిలో పంచదార పోసింది. రెండోసారి నుంచి డబ్బా మూత తియ్యలేదు. మా నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కథ తిరిగొచ్చిన ప్రతిసారీ "ఏం పర్లేదు, మళ్లీ పరిగెట్టు" అనేవారు. (ఆయనకి తెలిసిన సాహిత్య విమర్శ అంతే. ఇప్పుడాలోచిస్తే, తర్వాత నేను విన్న విమర్శల్లో దానికంటే పనికొచ్చింది మరొకటి లేదు.)

తొంభైల మొదట్లో సంగతి. నాకు ఇరవయ్యేళ్లు. ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, బస్ కాంప్లెక్సు దగ్గర ఓ జిరాక్స్ కొట్లో పనికి చేరాను. ఓనరుగారు ఎప్పుడు చూసినా మిషను పొట్ట తెరిచి అందులో టోనరనే నల్లపొడి నింపుతూ, ముక్కుకీ చెవులకీ పూసుకుని ఉండేవారు కాబట్టి ఆయన్ని ఊరంతా టోనరుగారు అనేది. మంచి మనిషి. కాపీ వంకరగా వచ్చినా, నల్లగా మాడిపోయినా ఆ కాగితాలు పారెయ్యకుండా నాకిచ్చేసేవారు. "ముందు పేజీ గవర్నమెంటుదమ్మా, వెనక పేజీ నీది. రాసుకో" అనేవారు. అలా నా తొలి రచనలన్నీ కులధ్రువీకరణ పత్రాల వెనకా, పాస్ పుస్తకాల వెనకా, ఎవరివో మార్కుల జాబితాల వెనకా పుట్టాయి. (ఆ మార్కులు నా మార్కులకంటే బాగుండేవి. రాస్తున్నప్పుడు కొంచెం గుచ్చుకునేది.)

మా కొట్టు పక్కనే లేడీస్ టైలరు దుకాణం. నడిపేది మా అమ్మ వయసున్న ఒకావిడ. మెళ్లో టేపూ, చేతిలో కత్తెరా లేకుండా ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు. అందరూ కత్తెరప్ప అనేవారు. (మా వైపు అక్కని అప్ప అంటారు.) అప్ప చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి, మాట మాత్రం సైతాను ఇచ్చిన మాట. "అయిదు నిమిషాలమ్మా, హుక్సులే!" అనేది. ఆ అయిదు నిమిషాల్లో రావికమతం బస్సు వచ్చి వెళ్లిపోయేది, కొయ్యూరు జీపు నిండి వెళ్లిపోయేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు బల్ల మీద వరసగా కూర్చుని, గోడమీది పాత కేలండరు చదివిందే చదువుతూ ఉండేవారు. ఒకరోజు మధ్యాహ్నం తిరిగొచ్చిన కథ పట్టుకుని నేను అప్ప దగ్గర కూర్చుని ఏడుస్తూంటే, "ఏటే, అంత సెడ్డగా రాసేవేటి? ఇలగియ్యి" అని లాక్కుని, కాలు మిషను మీంచి తియ్యకుండానే పైకి చదవడం మొదలెట్టింది. నాలుగో పేజీకి వచ్చేసరికి బయట హారన్ మోగింది. బల్ల మీదున్న ఒకావిడ చేతిలో సంచీతో లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి కూచుంది. "ఇంకో బస్సుంటాదిలే, సదువమ్మా" అంది. నా జీవితంలో నేను సంపాదించిన మొట్టమొదటి పాఠకురాలు ఆవిడే. పేరు కూడా తెలీదు. ఆ రాత్రి మాత్రం వారపత్రిక సంపాదకుడి మీద నాకు జాలేసింది. పాపం, ఆయనకి చదివేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో తెలీదు, నాకు తెలుసు!

అలా సుగుణ పుట్టింది. ఎలాగూ చేతిరాతే కదా అని కథని ఉత్తరాల్లా రాశాను. సుగుణ అనే కొత్తకోడలు తన స్నేహితురాలికి వారానికో ఉత్తరం రాస్తుంది. నా పేరు ఎక్కడా పెట్టలేదు. వినయం కాదు, భయం. సోమవారం పొద్దున్నే టోనరుగారు రాకముందే, పాడైన కాగితాలు మిషన్లో తిరగేసి పెట్టి, మూడు కాపీలు తీసేదాన్ని. ఒకటి అప్ప దుకాణంలో కుట్టిన జాకెట్ల మధ్య దండేనికి క్లిప్పు పెట్టి వేలాడేది. ఒకటి ఆసుపత్రి బెంచీ మీద. ఒకటి కొయ్యూరు జీపు డ్రైవరు చేతికి. అతను దాన్ని ముందుసీట్లో కూర్చున్నవాళ్లచేత పైకి చదివించుకునేవాడు, వెనకసీటు వాళ్లు "గట్టిగా!" అని అరిచేవారు.

సుగుణకి పదో తరగతి ప్రైవేటుగా కట్టాలని కోరిక. అత్తగారికి అది గిట్టదు. "కూరలో ఉప్పెయ్యడానికి టెన్తెందుకే?" అంటుంది. సుగుణ పొయ్యి దగ్గర చదువుకుంటుంది, పశువుల దగ్గర చదువుకుంటుంది. అయిదో ఉత్తరంలో, పరీక్షకి పది రోజులుందనగా, అత్తగారు హాల్‌టికెట్టు దాచేసింది. అక్కడ ఆపేశాను. ఉత్కంఠ కోసమని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను గాని, నిజం ఏమిటంటే ఎక్కడ దాచిందో నాకూ తెలీలేదు. ఎంత ఆలోచించినా తట్టక ఆ వారం ఉత్తరం రాలేదు. అప్ప దుకాణంలో ఆడవాళ్లు జాకెట్లు అడగడం మానేసి "ఉత్తరమొచ్చిందా?" అని అడగడం మొదలెట్టారు. నేను పక్క కొట్లో జిరాక్సులు తీస్తూ లోపల్లోపల పొంగిపోయాను.

ఆ పొంగు ఆదివారం దాకానే. మా చర్చిలో అమ్మకి చెల్లెలి వరసైన ఒకావిడ ఉండేది. ప్రార్థన ఎవరు చేస్తున్నా, అది పూర్తికాకముందే గట్టిగా "ఆమేన్" అనేసేది కాబట్టి పిల్లలం ఆమేన్ పిన్ని అనేవాళ్లం. ఆ రోజు స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పమంటే పిన్ని లేచింది. కళ్లొత్తుకుంది. "ప్రభువా, ఆ సుగుణమ్మని నీ సేతుల్లో పెడతన్నాం తండ్రీ. ఆ అత్త గుండె మెత్తబరుసు తండ్రీ. మెత్తబడకపోతే ఆ హాల్‌టికెట్టు ఎక్కడ దాసిందో అదైనా సూపించు తండ్రీ!" అంది. హాలంతా "ఆమేన్" అంది. నా పక్కన మా అమ్మ కూడా ముక్కు చీదింది. సుగుణ నిజం మనిషే అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది నాకు. అయినా నేనూ ఆమేన్ అన్నాను. ఎక్కడ దాచిందో దేవుడు చూపిస్తే నాకంటే ఎక్కువ అవసరం ఎవరికుంది?

చెప్పేద్దామనే అనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూండగానే శుక్రవారం సాయంత్రం పిన్ని మా ఇంటికి గెంతుకుంటూ వచ్చింది. "దొరికింది అప్పా! దొరికింది!" అంటూ మా అమ్మ ముందు ఒక కాగితం తిప్పి పెట్టింది. అది సుగుణ మూడో ఉత్తరం. వెనకవైపు, నేను తొందరలో చూసుకోని వైపు, ఎవరిదో రేషన్ కార్డు కాపీ ఉంది. రోలుగుంట అవతల ఓ పల్లెలో ఉండే ముసలావిడ పేరు, ఇంటి నంబరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. జన్మలో మొదటిసారి మా మిషను అంత చక్కగా పనిచేసింది. "ఇదే ఆ అత్త! పాపం ఆ పిల్ల కాగితం లేక రేషన్ కార్డు ఎనకాల రాసుకుంటంది సూడు! రేపు పొద్దున్న జీపు మాటాడేసేం. తొమ్మిది మందిమి. అయ్యగారు కూడా ఒస్తన్నారు. ఆ ముసల్దాని సంగతి తేల్చి, హాల్‌టికెట్టు పట్టుకునే ఒస్తాం!" అంది.

ఎవరో ఏ పాపం తెలీని ముసలమ్మ, రేషన్ కార్డు జిరాక్స్ తీయించుకోవడం తప్ప ఏ నేరమూ చెయ్యని మనిషి, రేపు పొద్దున్న వాకిట్లో తొమ్మిదిమంది ఆడవాళ్ల చేత తిట్లు తినబోతోంది. అప్ప దుకాణానికి పరిగెత్తి జరిగింది చెప్పాను. అప్ప కత్తెర కింద పెట్టింది. (అంత గంభీరమైన సందర్భం అన్నమాట.)

"నిజం సెప్పేయ్."

"చెప్తే అందరూ నన్ను అబద్ధాలకోరు అంటారు అప్పా. ఇంకెవరూ చదవరు."

"సదవకపోతే మానేస్తారు. వాళ్లు సదవడం మానేస్తారని ఆ ముసల్దాన్ని తిట్టించేస్తావేటి? నీ కతకంటే ఆ మనిషి తక్కువేటి?"

 

మర్నాడు పొద్దున్నే చర్చి ముందు జీపు ఆగి ఉంది. ఆ కొయ్యూరు జీపే. పిన్ని ముందుసీట్లో, చేతిలో గొడుగుతో. అది వానకి కాదు. మా పాస్టరు అయ్యగారు పక్కన, మొహంలో కొంచెం ఇబ్బందితో. వెనకాల మా అమ్మతో కలిపి ఎనిమిదిమంది, ఎవరి ఒళ్లో వాళ్లకి పులిహోర డబ్బా. నేను పరిగెత్తుకెళ్లి బానెట్టుకి అడ్డంగా నిలబడ్డాను. ఎన్నో మాటలు రాత్రంతా కూర్చి పెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు. "పిన్నీ, సుగుణ లేదు" అన్నాను.

"ఓలమ్మో! సంపేసేరేటే!" అని జీపులో ఏడుపు లేచింది.

"చంపలేదు! అసలు పుట్టలేదు! నేనే రాశాను. అత్తగారు లేదు, పల్లె లేదు. ఆ రేషన్ కార్డు మా కొట్లో పాడైన కాగితం. ఆవిడెవరో నాకు తెలీదు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఇంజను కూడా ఆగిపోయినంత నిశ్శబ్దం. (నిజానికి డ్రైవరే ఆపేశాడు.) పిన్ని కిందికి దిగింది. గొడుగు ఇటు తిరిగింది. "ఆదివారం నించీ రోజూ దేవుడి ముందర ఏడిసేనే నేను! కన్నీళ్లతోటి!" అంది. నేను తల దించుకున్నాను. మా అమ్మ మొహం చూడలేకపోయాను. పిన్ని ఊపిరి పీల్చుకుంది. కొంచెం దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"సర్లే గాని, ఇంతకీ ఆ ముసల్ది ఎక్కడ దాసిందే?"

"నాకూ తెలీదు పిన్నీ" అన్నాను, ఏడుస్తూ. "అందుకే ఆరో ఉత్తరం రాయలేదు."

అంతే. జీపులో కలకలం రేగింది. ఒకావిడ పిండి డబ్బాలో అంది. ఒకావిడ దిండు గలీబులో అంది. మా అమ్మ (ఆవిడకి కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఉండబట్టలేక) "చీరల మడతలో, అడుగున" అంది. డ్రైవరు వెనక్కి తిరిగి "గడ్డిమేటులోనండి" అన్నాడు. అంతవరకూ మాట్లాడని అయ్యగారు గొంతు సవరించుకుని, మెల్లగా అన్నారు. "బైబిల్లో పెట్టుంటాదమ్మా. ఆ ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. ఎవరూ తెరవరు కదా."

మొదట నవ్వింది ఆమేన్ పిన్నే. హాల్‌టికెట్టు బైబిల్లోనే దొరికే ఆరో ఉత్తరం అక్కడే, కదలని జీపులో, పులిహోర తింటూ, నోటితో చెప్పాను. ఇన్నాళ్లూ తట్టనిది వరసగా వచ్చేసింది. ఏడో ఉత్తరంలో సుగుణ పరీక్ష రాసింది. లెక్కల్లో ఫస్టుక్లాసు మార్కులతో పాస్ చేయించాను. రాసేవాళ్లకి ఆమాత్రం అధికారం ఉండాలి.

టోనరుగారు మాత్రం నాలుగు చీవాట్లు పెట్టారు. జనం నమ్మి ఇచ్చిన కాగితాలు అలా ఊరిమీద తిరగనివ్వడం నా తప్పే, ఒప్పుకున్నాను. రోలుగుంట బస్సెక్కి ఆ ముసలావిడ ఇంటికి వెళ్లి, నాలుగు కాపీలు శుభ్రంగా తీసిచ్చి క్షమాపణ చెప్పొచ్చాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గాని జీడిపప్పు పెట్టింది. అప్పట్నుంచి తెల్ల కాగితమే వాడాను, కింద నా పేరు పెట్టాను. చదివేవాళ్లు తగ్గుతారనుకున్నాను, పెరిగారు. కావాలన్నవాళ్ల చిరునామాలు ఒక నోటుబుక్కులో రాసుకుని, నెలకోసారి పోస్టు చేసేదాన్ని. రావికమతం వైపు ప్రతులు పిన్ని తనే మోసింది, దారిలో కలిసినవాళ్లకి కొంత కథ చెప్పేసి, "మిగతాది సదూకోండి" అని చేతిలో పెట్టేది. అంత గొప్ప ప్రచారం ఏ పత్రికకీ ఉండి ఉండదు. కేబుల్ టీవీ సీరియళ్లు వచ్చాయి, మా కొట్లో కంప్యూటర్లు వచ్చాయి. నా నోటుబుక్కు రెండోది, మూడోది అయింది.

రెండువేల సంవత్సరం తర్వాత ఒక ఏడు, ఆ కథలన్నీ పుస్తకం వేసుకుని చర్చి హాల్లో చిన్న సభ పెట్టుకున్నాం. హాలు నిండిపోయి జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. విశాఖపట్నం నించి వచ్చిన ఒక లెక్చరరుగారు ఆశ్చర్యపోయి, "పత్రికల్లో రాకుండా ఇంతమంది పాఠకుల్ని ఎలా చేరుకున్నారమ్మా? మా విద్యార్థులకి కాస్త చెప్పండి" అని మైకిచ్చారు. నేను కళ్లజోడు సర్దుకుని, పాఠకుడు ఎక్కడ ఎదురుచూస్తాడో ముందుగా అధ్యయనం చేశాననీ, దాన్ని బట్టి ఒక పద్ధతి ఏర్పరచుకున్నాననీ, ప్రణాళిక ముఖ్యమనీ చాలా బరువుగా ఉపన్యసించాను. చెప్తున్నకొద్దీ నాకే నమ్మకం కలిగింది. అలా పావుగంట గడిచాక ముందు వరసలో కత్తెరప్ప నోటికి కొంగడ్డం పెట్టుకుని ఊగిపోతూ కనబడింది. అక్కడితో నా ప్రణాళిక ఆగిపోయింది.

"అదంతా ఇప్పుడు అనుకుంటున్నదండీ" అన్నాను లెక్చరరుగారితో. "అప్పుడు ఆ పిల్లకి తన కథ ఇచ్చుకోవడానికి వేరే చోటు లేదు. అంతే."

ఆ పిల్ల అంటూ నన్ను నేను పిలుచుకోవడం అదే మొదటిసారి. ఎవరో దగ్గరి చుట్టాన్ని చాలాకాలానికి తలుచుకున్నట్టనిపించింది.