బీ షిఫ్టు మర్నాడు చెప్పిన కథ

మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో వెతుకుతూ మన కాలం నాటి టీవీ సీరియల్ ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఒక గుమాస్తా ఇంట్లో ఆడపిల్ల ఎదిగే కథ అది. వారానికొక్క సాయంత్రం వచ్చేది. ఆ వేళకి మా పోర్టు క్వార్టర్లలో కుళాయి దగ్గర తగాదాలు కూడా వాయిదా పడేవంటే ఈ పిల్లలు నమ్మరు గానీ, మీరు నమ్ముతారు.

వీధికంతా ఒకటే టీవీ, పక్కింటి మావయ్యగారిది. అమ్మా నేనూ ముందే వెళ్ళి చాప మీద చోటు పట్టేసేవాళ్ళం. నాన్నకి తరచూ బీ షిఫ్టు పడేది, మధ్యాహ్నం వెళ్తే మేం పడుకున్నాకే రావడం. అందుకని మర్నాడు పొద్దున్న చోడి అంబలి, అదే రాగంబలి, తాగుతూ కథంతా అమ్మచేత చెప్పించుకునేవాడు. అమ్మ చెప్పడమంటే అలా ఇలా కాదు, చేతిలో గరిట తిప్పుతూ, ఏడ్చే చోట నిజంగానే ఏడ్చి, కసిరే చోట ఎదురుగా ఉన్న పాపానికి నన్ను కసిరేది.

ఆ సీరియల్లో తండ్రంటే నాన్నకి భలే గురి. నేను పదో తరగతి పాసైన వేసవిలో భీమిలి దగ్గర మా ఊరి నుంచి నాయనమ్మ ఒక సంబంధం పట్టుకొచ్చి కూర్చుంది, నాకేమో కాలేజీకి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోతోంది. సీరియల్లో పిల్లకీ సరిగ్గా అదే గొడవ. నాన్న ఎటూ తేల్చుకోలేక, "ఆ తండ్రి ఏటి సేత్తాడో సూసి సెప్తానమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆయన నవ్వుతూ అన్నవే చేసేవాడు.

తీరా ఆ వారం ఆ మహానుభావుడు చదువు చాలించి పెళ్ళికి ఒప్పుకోమన్నాడు! నాకు అన్నం సయించలేదు.

మర్నాడు నాన్న అంబలి గిన్నె ముందు కూర్చోగానే, అమ్మ రెప్ప వెయ్యకుండా మొదలెట్టింది. "కాలేజీకి ఒప్పీసుకున్నాడు! కేరేజీ కట్టించి, తనే బస్సెక్కించీసినాడు. బస్సు కదిలేక కళ్ళు తుడుసుకున్నాడు కూడాను."

నేను కొరికిన ఉల్లిపాయ నోట్లోనే ఉండిపోయింది. నాన్న గిన్నె ఖాళీ చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ పూటే నన్ను కాలేజీకి తీసుకెళ్ళాడు.

నాకు ఉద్యోగం వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి సింహాచలం మెట్లెక్కుతున్నాం. అమ్మ వెనకబడడం చూసి నాన్న నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. "ఆ ఎపిసోడు నాను ఆ సాయంత్రమే కేంటీన్లో సూసీసినానే. మీ యమ్మ సెప్పిందే బాగుంది. దానికి సెప్పకు." నేనూ చెప్పలేదు, అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన్ని బోల్తా కొట్టించాననే మురిసిపోయింది.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏ భాగమూ ఎవరికీ తప్పిపోదు, ఎవరి చెవుల్లో వాళ్ళకి కథ. హాయే, కాదనను, కానీ మనం చూడనిది మనకోసం ఒకరు చూసొచ్చి చెప్పే ఆ సుఖం మాత్రం పోయింది, దానికి బెంగగానే ఉంటుంది.

"అమ్మమ్మా, వాళ్ళ నాన్న కాలేజీ వద్దన్నాడు చూడు, పాపం" అంది మనవరాలు.

"ఫోన్లో వద్దన్నాడే. మా ఇంట్లో ఒప్పుకున్నాడు" అన్నాను.

అది ఫోను పక్కన పడేసి, ఎలా ఒప్పుకున్నాడో చెప్పమని నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఉండవే అని లేచి, వంటింట్లోకెళ్ళి గరిట తెచ్చుకున్నాను.