ఢిల్లీ దగ్గర, మెదక్ దూరం

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు ఆకాశమార్గాన సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు. మా చెల్లెలు ఈ ఉదయం రెండు గంటల పది నిమిషాల్లో వచ్చి దిగింది. అక్కడి నుంచి నేనుండే మెదక్ మరో నూట పది. తెలంగాణ బంద్ మధ్యాహ్నానికి సడలుతుందని లెక్కవేసి, ఒంటిగంటకు భోజనమని డైరీలో రాసుకొని, రెండు పళ్లేలు పెట్టాను.

రెండు గంటలకు ఎయిర్‌పోర్టు నుంచే ఫోన్ చేసింది. "అక్కా, బస్సుల్లేవు, టాక్సీలు వస్తలేవు. సాయంత్రం విమానానికే వాపస్ పోతున్న."

"నిన్ను చూడక రెండేండ్లాయె. జర ఒక్కరోజు ఆగరాదే?"

"రేపు డ్యూటీ ఉన్నదక్కా."

తెలంగాణ రావాలని నేనూ కోరుకుంటాను. ఈ రోజు మాత్రం చెల్లెలు రావాలనుకున్నాను.

రెండో పళ్లెం ఇంకా తీయలేదు. ఢిల్లీ నుంచి మెదక్‌కు ఎన్ని గంటలని డైరీలో రాయాలో, తెలిసినవారు చెప్పండి.