పాల మీద నింద

మా ఆయన బాలనర్సింహకు కిషన్‌బాగ్‌లో ఒకప్పుడు పన్నెండు బర్రెలుండేవి. ఇప్పుడు నాలుగు. ముప్పై ఎనిమిదేళ్లు ఇంటింటికీ పాలు పోసిన మనిషి. నాలుక మీద చుక్క వేసుకుని, ఎవరి పాలలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేస్తాడు. పాల గురించి తనకు తెలియనిది లేదన్న ఆ గర్వమే మా కొంప ముంచింది.

నిరుడు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకెళ్లాం. స్కాన్ చేసి, గుండె కవాటం మీద కాల్షియం పేరుకుని గట్టిపడిందనీ, సరిగా తెరుచుకోవడం లేదనీ, మూడు నెలలకు తప్పకుండా మళ్లీ రావాలనీ చెప్పారు. ఆయన చెవికెక్కింది కాల్షియం ఒక్కటే.

"కాల్షియం అంటే పాలే గదనే! రోజుకు లీటరు తాగిన. గదే గుండెల గడ్డకట్టింది," అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో పాలు బంద్, పెరుగు బంద్. చాయ్ కూడా నల్లదే. నేనూ నమ్మాను. పాల సంగతి మాకు కాక ఇంకెవరికి తెలుసు! కోడలు స్వరూప ఆయన ముందుకు పాల గ్లాసు తెస్తే కసురుకునేదాన్ని. "పాలు మానిన గద, ఇగ ఫికర్ లేదు," అంటూ ఆయన ఏడాది దాకా దవాఖాన గడప తొక్కలేదు. అప్పటికి బర్రెల కొట్టం దాకా కూడా నడవలేకపోతున్నాడు.

చివరికి మళ్లీ దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరమ్మ గీతాంజలి అంతా విని తల పట్టుకుంది.

"పాలు తాగితే కవాటం గట్టిపడదు బాపూ. వయసు, బీపీ, షుగర్, కొవ్వు, పొగ... ఇవి ఏండ్ల తరబడి కవాటాన్ని పాడు చేస్తయి. గక్కడ కాల్షియం చేరుతది. బీపీ అదుపుల పెట్టుకొని, బీడీ మానేసి ఉంటే ముప్పు తగ్గేది. చేరినంక కరిగించే మందు లేదు, కవాటం మార్చుడే. అప్పుడే వస్తే గుండె గింత బలహీనం అయ్యేది కాదు. ఇప్పుడు ఆపరేషన్‌ల ప్రమాదం ఎక్కువ. చేయకుంటే ఇంకా ఎక్కువ."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. నాకు ఒళ్లు మండింది. "ఇన్నవా?" అని అరవబోయాను. అరిచే ఓపిక కూడా లేక సగంలోనే ఆగిపోయాను.

"ఆపరేషన్ వచ్చే వారం. ఇగ ఒక్క బీడీ ముట్టొద్దు," అని డాక్టరమ్మ నావైపు తిరిగింది. "నాలుగడుగులు నడవలేని మనిషి దుకాణం దాకా ఎట్ల పోతున్నడమ్మా? బీడీలు ఎవరు తెచ్చిస్తున్నరు?"

"నేనే," అన్నాను. "రోజుకో కట్ట."